చోక్ దానం

మద్దిరేవు బాలికల హాస్టలు వెనక దొడ్లో సోడియం లైటు ఆరిపోయినప్పుడు, దాని వల్ల మా ఆఫీసుకి రాష్ట్రమంతటా పేరొస్తుందని ఎవరూ అనుకోలేదు. మా జిల్లాలో లైట్లు ఆరిపోవడం వార్త కాదు. వెలిగితే అప్పుడప్పుడు పేపర్లో వేస్తారు.

ఆ హాస్టలు ఒకప్పుడు ధాన్యం గోడౌను. వడ్ల బస్తాలకి మరుగుదొడ్లు అక్కర్లేదు కాబట్టి అప్పట్లో ఎవరూ కట్టలేదు. తర్వాత బస్తాలు ఖాళీ చేయించి ఆడపిల్లల్ని పెట్టినప్పుడు, స్థలం ఎక్కడ మిగిలిందో అక్కడ, అంటే దొడ్డి చివర ప్రహరీగోడని ఆనించి కట్టారు. హాలు గుమ్మం దిగి, వంటపాక దాటి, కట్టెల మోపులు దాటి అక్కడికి వెళ్లాలి. ప్రహరీ ఒకచోట కూలిపోయింది. ఆ సందులోంచి పాములొస్తాయి. పాములు రాని రోజున ఊళ్లో పనీపాటా లేని కుర్రాళ్లొచ్చి గోడెక్కి కూర్చుంటారు. రెండు రకాల వాళ్లకీ పడనిది వెలుతురొక్కటే.

లైటు పాతదే గాని మొండిది. వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం నాలుగైదుసార్లు మిణుకుమిణుకుమని, బుర్రుమని మూలిగి ఆరిపోయింది. మా ఆఫీసు ఎలక్ట్రీషియన్ వజీర్ నిచ్చెనేసుకుని ఎక్కి చూసి, చోక్ కాలిపోయిందన్నాడు. చోక్ అంటే బల్బుకి కరెంటు ఎంత కావాలో అంతే అందనిచ్చే ఇనప దిమ్మ. బజార్లో దొరుకుతుంది. అరగంటలో బిగించొచ్చు. ఈ రెండు సంగతులూ తర్వాత జరిగిన కథలో ఎవరికీ ఉపయోగపడలేదు.

హాస్టలు వార్డెన్ మేరీ సుగుణ గారు అర్జీ పట్టుకుని మా ఆఫీసుకొచ్చారు. మాది జిల్లా వస్తు సంరక్షణ కార్యాలయం. ప్రభుత్వం వారి కుర్చీలు, ఫ్యాన్లు, లైట్లు పాడైపోతే పాడైపోయాయని ధ్రువీకరించడం మా పని. నేను అక్కడ సీనియర్ అసిస్టెంటుని, పేరు భుజంగరావు. సుగుణ గారు మొదట నా బల్ల దగ్గరే ఆగి విషయం చెప్పారు. చీకటి పడ్డాక దొడ్లోకి వెళ్లాలంటే పిల్లలు భయపడుతున్నారు. వెళ్లాల్సిన అవసరం రాకుండా మధ్యాహ్నం నుంచే మంచినీళ్లు తాగడం మానేశారు. ఆరో తరగతి పిల్లొకతెకి మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చి పెద్దాసుపత్రిలో పడుకోబెట్టాల్సి వచ్చింది. నీళ్లు బాగా తాగమని డాక్టరు చెబితే, లైటు వేశాక తాగుతానని ఆ పిల్ల అందట.

సరిగ్గా ఆ రోజుల్లోనే మాకు ‘పాతకు ప్రాణం’ పథకం వచ్చింది. రాజధానిలో మా కమిషనరు గారు చల్లటి దేశమేదో అధ్యయన యాత్రకి వెళ్లారు. అక్కడొక ముసలాయన తాతల నాటి కుర్చీకి విరిగిన కాలు అతికించుకుని, దాని మీదే కూర్చుని టీ తాగుతుంటే చూసి కదిలిపోయారట. విమానం దిగీ దిగగానే ఆర్డరు వేశారు. ఇకమీదట ఏ ప్రభుత్వ వస్తువూ కొత్తది కొనకూడదు. పాతదాన్నే బాగుచెయ్యాలి. బాగుచెయ్యడానికి వాడే భాగం కూడా కొత్తది కాకూడదు. వినడానికి బానే ఉంది. ఆ ముసలాయన పక్కింటి వాళ్ల కుర్చీ కాలు ఊడబీక్కొచ్చి అతికించుకున్నట్టు మాత్రం ఆర్డరులో ఎక్కడా లేదు.

ఆ చివరి ముక్కని పూరించింది మా డిప్యూటీ డైరెక్టరు పరాంకుశం గారు. ఆయన ఫైల్లో రాసినట్టే మాట్లాడతారు. ఇంట్లో ఉప్పు తక్కువైనా ‘పైన ఉదహరించిన సాంబారు విషయమై’ అని మొదలుపెడతారని మా ఆఫీసులో చెప్పుకుంటారు. చాలా ఏళ్లుగా ఆయన్ని పైవాళ్లెవరూ పట్టించుకోలేదు. అందుకని ఈ పథకాన్ని రెండు చేతులా పట్టుకున్నారు.

సుగుణ గారిని ఆయన గదిలోకి తీసుకెళ్లాను. ఆవిడ నిలబడే విషయమంతా చెప్పి, చివర్లో అన్నారు.

“ఒక్క చోక్ ఇప్పించండి సార్. మీకు కుదరదంటే చెప్పండి, నేనే కొనుక్కొచ్చి పెట్టించుకుంటా.”

“అమ్మా, కొనుగోలు అను పదమును ఈ గదిలో వాడకుండుట మంచిది,” అన్నారు పరాంకుశం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ. “సదరు దీపమునకు ప్రాణము పోయుటయే ప్రభుత్వ సంకల్పము.”

“ప్రాణం పొయ్యాలన్నా చోక్ కావాలి కదండీ.”

“కావలెను. అయితే సదరు చోక్ అదే సంవత్సరమున, అదే బిల్లుపై సరఫరా అయిన వేరొక దీపము నుండి స్వీకరించవలెను.”

ఆ ఏడాది జిల్లాలోని ప్రభుత్వ ఆవరణలన్నిటికీ ఇలాంటి లైట్లే ఒకే బిల్లు మీద వచ్చాయి. మా వెనక గదిలో వాటిలో పాడైనవి గుట్టగా పడున్నాయి. కొన్నిట్లో బల్బే పోయింది గాని చోక్ బానే ఉండొచ్చు. ఆ మాటే నేను మెల్లిగా చెప్పాను. ఆయన నావైపు జాలిగా చూశారు. ఆరిపోయిన దీపంలోని చోక్ పనిచేస్తుందని సంతకం పెట్టేది ఎవరని అడిగారు. వెలుగుతున్న దీపమైతే తన చోక్ బాగుందని తానే సాక్ష్యం చెబుతుంది, కాబట్టి భాగాన్ని వెలుగుతున్న దీపంలోంచే తియ్యాలి అని తేల్చారు. మొదటినుంచీ చివరిదాకా తప్పే ఉన్న మాటలో ఎక్కడని తప్పు పట్టను? నోరు మూసుకుని నోట్ ఫైలు మొదలుపెట్టాను.

అలా మా శాఖలో రెండు కొత్త మాటలు పుట్టాయి. బాగుపడేది గ్రహీత దీపం. భాగం ఇచ్చేది దాత దీపం. మొదటి దాతగా పశువుల ఆసుపత్రి లైటు ఎంపికైంది. అక్కడి డాక్టరు మొదట లబలబలాడాడు గాని, దాత సంస్థ అధిపతికి శాలువా కప్పుతారని తెలిశాక కాస్త మెత్తబడ్డాడు. వజీర్ చోక్ ఊడదీసి, ఇత్తడి పళ్లెంలో పెట్టి, దానికి పసుపూ కుంకుమా రాశాడు. సన్నాయి మేళంతో పళ్లెం హాస్టలుకి ఊరేగింది. లైటు కదా, సభ సాయంత్రం పెట్టించండని సుగుణ గారు బతిమాలారు. ముఖ్య అతిథికి పొద్దున పదకొండింటికే తీరిక. మిటమిటలాడే ఎండలో స్విచ్చి వేశారు. వెలిగిందో లేదో ఎవరికీ కనపడలేదు. వజీర్ నిచ్చెనెక్కి అద్దం మీద చెయ్యిపెట్టి, వేడిగానే ఉందన్నాడు. ఆ ఎండకి ఊళ్లో వేడిగా లేనిది లేదు. అయినా అందరం చప్పట్లు కొట్టాం.

ఎంత వెక్కిరించినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ సాయంత్రం లైటు వెలిగింది. పసుప్పచ్చటి వెలుతురు వంటపాక దాకా పరుచుకుందనీ, పిల్లలు అవసరం ఉన్నా లేకపోయినా దొడ్లోకి వెళ్లొస్తున్నారనీ సుగుణ గారు మర్నాడు ఫోన్ చేసి చెప్పారు. ఆసుపత్రి నుంచి వచ్చిన పిల్ల బిందె దగ్గరే కూర్చుని నీళ్లు తాగిందట. నాకు చాలా సంతోషమేసింది.

ఆ ఫోన్ పెట్టేసరికి పశువుల డాక్టరు నా ముందు నిలబడి ఉన్నాడు. కష్టమైన కాన్పుకి పొద్దుగూకాక గేదెని తోలుకొచ్చారట. ఆవరణలో కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. స్కూటరు స్టార్టు చేసి, దాని లైటు వెలుగులో దూడని బయటికి లాగాల్సొచ్చింది. తన లైటు బాగుచెయ్యమని అర్జీ ఇచ్చాడు. అతని శాలువా ఇంకా మడత కూడా విప్పలేదు. ఈసారి దాత గ్రంథాలయం. గ్రంథాలయానికి బస్టాండు ఇచ్చింది. బస్టాండులో చీకటికి బోర్డులు కనపడక, గుడివాడ వెళ్లాల్సిన పెళ్లివారు ఏలూరు బస్సెక్కి పోయారు. బస్టాండుకి పోలీసు ఔట్‌పోస్టు వాళ్లు ఉదారంగా దానం చేశారు. ఆ మర్నాడే ఔట్‌పోస్టు ముందు పెట్టిన హెడ్ కానిస్టేబులు సైకిలు పోయింది. ఫిర్యాదు తనే రాసుకుని తనే తీసుకున్నాడు.

ఇలా చీకటి ఒక ఆఫీసు నుంచి మరో ఆఫీసుకి బదిలీ అవుతూ జిల్లా అంతా తిరగసాగింది. ఇదంతా పథకానికి నష్టమని మీరనుకుంటారు. మీకు ప్రభుత్వ నివేదికలు తెలియవు. నెలవారీ నివేదికలో ‘బాగుచేసిన దీపములు’ అని ఒకే గడి ఉంది. ఒక లైటు బాగైతే ఆ గడిలో ఒకటి పెరుగుతుంది. దానికోసం ఆరిపోయిన లైటు రాయడానికి గడి లేదు. అలాంటి గడి ఒకటి గీద్దామా అని పరాంకుశం గారిని అడిగాను. అది ఆరిపోవడం కాదు, త్యాగం అన్నారు. త్యాగాన్ని లెక్కించడం సంస్కారం కాదని కూడా అన్నారు. ఆరింది మొదట్లో ఒక్క లైటే. మధ్యలో ఊడదీసి బిగించడంలో వజీర్ చేతిలో జారి పగిలినవీ, వానకి తడిసి కాలినవీ కలిపి అవి ఎన్నయ్యాయో ఎవరూ చూడలేదు. బాగుచేతల్లో మాత్రం మా జిల్లా రాష్ట్రంలో మొదటికొచ్చింది. కమిషనరు గారు స్వయంగా వచ్చి షీల్డు ఇస్తారని కబురొచ్చింది.

ఇక పరాంకుశం గారిని పట్టుకోవడం ఎవరి తరం కాలేదు. దాత దీపాల ఎంపిక సంఘం అని ఒకటి వేశారు. అది చీకటి పడే వేళకి జీపులో ఊరంతా తిరిగి, ఏ ఆఫీసులో లైటు బాగా వెలుగుతుందో చూసి రాసుకుంటుంది. బాగా వెలిగే లైటంటే దాతగా పనికొచ్చే లైటన్న మాట. మా వాళ్లేమన్నా తెలివితక్కువ వాళ్లా? జీపు చప్పుడు వినపడగానే ప్రతి ఆఫీసులోనూ స్విచ్చి కట్టేయడం మొదలుపెట్టారు. కొందరు లైటుకి గోనెపట్టా చుట్టేశారు. జీపు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి, ఎందుకొచ్చిన గొడవని అసలు వెయ్యడమే మానేశారు. మద్దిరేవు రోడ్లన్నీ గాఢాంధకారంలో మునిగిపోయాయి. ప్రజల్లో విద్యుత్ పొదుపు కూడా అలవడుతోందని పరాంకుశం గారు నివేదికలో ప్రత్యేకంగా రాయించారు.

షీల్డు ఇచ్చే సభ ఈసారి సాయంత్రమే పెట్టారు. మా ఆఫీసు గేటు లైటు కింద, అది వెలుగుతుండగా ఇవ్వాలని కమిషనరు గారి కోరిక. మా గేటు లైటు ఆ పాటికి ఎక్కడికో త్యాగం చేసి ఊరుకుంది. దానికి చోక్ కావాలి. సంఘం ఊరంతా గాలించింది. వెలుగుతున్న లైటు ఒక్కటే దొరికింది, బాలికల హాస్టలు వెనకది.

దొరక్కుండా చూడాలని నేను ముందే ప్రయత్నించాను. జీపు అటొస్తుందని తెలిసి సుగుణ గారికి ఫోన్ చేసి, ఒక్క గంట లైటు కట్టేసుకోమని చెప్పాను.

“పిల్లలు బయటికెళ్లే టైము అదే కదండీ,” అన్నారావిడ. “ఎట్టా ఆపను?”

లైటు అవసరమున్న చోటే లైటు వెలుగుతుంది, వెలుగుతోంది కాబట్టి దాన్ని ఊడబీకుతారు. ఇంతకంటే సిగ్గుమాలిన పని నా సర్వీసులో చూడలేదు. ఒళ్లు మండిపోయి, ఆ రోజు ఫైళ్ల మీద ఒక్క సంతకం పెట్టకుండా కూర్చున్నాను. మా ఆఫీసులో అది నిరసన అని ఎవరూ గుర్తుపట్టలేదు.

వజీర్ మళ్లీ పళ్లెంతో వెళ్లాడు. మళ్లీ సన్నాయి. పిల్లలు వరసగా నిలబడి చూస్తుంటే చోక్ ఊడదీశారు. ఇది పట్టుకుపోతే మాకు మళ్లీ ఎక్కణ్ణుంచి తెస్తారని సుగుణ గారు అడిగారు. తమరు గ్రహీత స్థానమునకు మరల దరఖాస్తు చేసుకొనవచ్చునని పరాంకుశం గారు సెలవిచ్చి, ఆవిడ చేతిలో త్యాగ పత్రం పెట్టారు. ల్యామినేషన్ చేయించిన పత్రం అది. మా గేటు లైటు వెలిగింది. షీల్డు వచ్చింది. ఫొటోలో నేను కూడా ఉన్నాను, చివర, సగం.

ఆ సభ జరిగిన సాయంత్రమే సుగుణ గారు తన గదిలో ఉన్న వంద క్యాండిళ్ల బల్బు ఊడదీసి, వంటపాక కిటికీలోంచి వైరు లాగి, బట్టలారేసుకునే వెదురు గడకి వేలాడదీశారు. తన గదిలో తను లాంతరు పెట్టుకున్నారు. బల్బు తెల్లగా, దివ్యంగా వెలిగింది. దానికి అర్జీ లేదు, మేళం లేదు, దాతా లేడు.

అదే వచ్చిన చిక్కు. హాస్టల్లో వెలుతురు కనిపిస్తోందని ఎవరో మా ఆఫీసుకి కాగితం రాశారు. తమ లైటు ఊడబీకించుకున్న శాఖల్లో ఏదో ఒకటి అయ్యుంటుంది. పరాంకుశం గారికి ముచ్చెమటలు పోశాయి. మేమిచ్చిన త్యాగ పత్రం ప్రకారం అక్కడ చీకటి ఉండాలి. కాగితం మీద చీకటి ఉన్నచోట వెలుతురు ఉంటే, ఆ వెలుతురు ఏ పథకం కిందికి వస్తుంది? రేపు ఆడిట్ వాళ్లు అడిగితే ఏం చెప్పాలి? ‘అనధికార వెలుతురు’ అని శీర్షిక పెట్టి మెమో తయారుచేయించారు. ప్రభుత్వ ఆవరణలో లెక్కకు రాని వెలుతురును నెలకొల్పినందుకు తమను ఏల సస్పెండ్ చేయరాదో తెలుపవలెను అని అందులో ఉంది. టైపు చేసింది నేనే. ఆవిడని సస్పెండ్ చేస్తే బల్బు పోతుంది, పిల్లల దగ్గరున్న ఒక్క పెద్దదిక్కూ పోతుంది. టైపు అవగానే సుగుణ గారికి ఫోన్ చేసి చదివి వినిపించాను.

సస్పెండ్ చేసేముందు తనిఖీ జరగాలి. తనిఖీలకి మా ఆఫీసులో పరాంకుశం గారే స్వయంగా రాసిన నియమావళి ఉంది. తనిఖీ చేసిన అధికారీ, తనిఖీకి గురైన అధికారీ ఇద్దరూ అక్కడికక్కడే సంతకాలు పెడితే తప్ప తనిఖీ ముగిసినట్టు కాదు. అది ముగిసేవరకు ఎవరి మీదా ఏ చర్యా తీసుకోకూడదు. తర్వాత కింది వాళ్లు మాకు తెలియదని అనకుండా ఉండటానికి ఆ నియమం పెట్టారు.

మార్చి నెల. ఎండ ఇంకా దిగకముందే బయల్దేరి, రైలు గేటు దగ్గర జీపు చాలాసేపు ఆగిపోవడంతో, దుమ్ము కొట్టుకుపోయి పొద్దుగూకే వేళకి హాస్టలు చేరాం. డ్రైవరు టీ తాగొస్తానని జీపేసుకుని పోయాడు. పరాంకుశం గారి నాలుక పిడచకట్టుకుపోయింది. ఎదుటి మనిషి తనని సస్పెండ్ చెయ్యడానికొచ్చినా దాహమడిగితే ఇవ్వకుండా ఉండలేరు సుగుణ గారు. అల్లం, కరివేపాకు దంచి వేసిన మజ్జిగ పెద్ద స్టీలు గ్లాసులో ఇచ్చారు. ఆయన గటగటా తాగి, ఇంకోటి అడిగి, అది కూడా తాగి, మూడోదానికి మొహమాటపడుతూనే చెయ్యి చాపారు. తర్వాత దొడ్లోకి నడిచి, బల్బు కింద నిలబడి, దాన్ని దొంగని చూసినట్టు చూశారు.

“దీనిని తక్షణమే నిలుపుదల చేయుడు.”

సుగుణ గారు ఎదురు చెప్పకుండా వెళ్లి స్విచ్చి కట్టేశారు. దొడ్డి మొత్తం నల్లగా అయిపోయింది. మేము హాలు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాం. లోపల్నుంచి వచ్చే వెలుతురు మెట్ల దాకే ఉంది. పిల్లలు అన్నం పళ్లేలు పట్టుకుని గుమ్మం పక్కన మూగారు. పరాంకుశం గారు నివేదిక చెప్పడం మొదలుపెట్టారు, నేను రాస్తున్నాను. సదరు ఆవరణమున చీకటి పునరుద్ధరించబడినది అన్నారు. తదుపరి అన్నారు. ఆ తదుపరి ఏమీ అనలేదు. రాయడం ఆపి తలెత్తి చూశాను. ఆయన మొహంలో రంగు మారింది. ఆయనకి షుగరుందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. మజ్జిగ మూడు గ్లాసులు.

ఆయన సుగుణ గారి దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, ఇక్కడ సదరు సౌకర్యము ఎచ్చట ఉన్నదని అడిగారు. ఆవిడ చీకట్లోకి చెయ్యి చూపించారు. చెయ్యి తప్ప ఏమీ కనిపించలేదు. టార్చిలైటు కలదా అన్నారు. పాడైపోయిందండి, బాగుచెయ్యమని మీకే రాశాను, దాత టార్చి దొరకలేదని జవాబొచ్చింది అన్నారావిడ. ఆయన పెదవి బిగించి, ధైర్యం చేసి మెట్లు దిగారు.

గుమ్మంలో ఉన్న ఒక చిన్నపిల్ల ఆయనకి పనికొస్తుందని ఒక మాట చెప్పింది, “కట్టెల కాడ కాస్త చూసుకుని ఎల్లండి సార్. అది అక్కడే ఉంటది.”

ఏది అని ఆయన అడగలేదు. నాలుగడుగులు వేశారు. కట్టెల మోపు వైపు నుంచి ఏదో గరగరమని జరిగింది. ఆ నాలుగడుగులూ వెనక్కొచ్చేటప్పుడు రెండే పట్టాయి.

“అమ్మా, కొంచెం ఆ బల్బెయ్యమ్మా,” అన్నారు. నా ఇన్నేళ్ల సర్వీసులో ఆయన నోట మామూలు మాట వినడం అదే మొదలు.

“తమరు ఆర్డరేస్తే వేస్తానండి,” అన్నారు సుగుణ గారు. గొంతులో కోపం లేదు, తొందరా లేదు. “నోటిమాట మీద వేశాననుకోండి, అనధికార వెలుతురని రేపు మళ్లీ మెమో నాకే కదండీ వచ్చేది.”

అందులో న్యాయముంది. ఆయన నావైపు తిరిగి, రాయండి రాయండి అన్నారు. ఏమని రాయాలో చెప్పే స్థితిలో లేరు. ఒక కాలు రెండో కాలికి మెలేసుకుని నిలబడ్డారు. నా సర్వీసంతా నేర్చుకున్న భాష ఆ ఒక్క సాయంత్రం నాకు పనికొచ్చింది. బాలికల వసతి గృహము వెనుక ఆవరణమందు ప్రస్తుతము వేలాడుచున్న విద్యుద్దీపమును, జరుగుచున్న తనిఖీ ముగియు వరకు, ప్రతి దినము పొద్దుగూకినది మొదలు తెల్లవారు వరకు వెలిగించుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది. ఇంత రాయడానికి కాస్త సమయం పడుతుంది. దస్తూరీ కూడా బాగుండాలి కదా. ఆయన చదవకుండా సంతకం పెట్టారు. కింద ఆఫీసు ముద్ర కూడా నేనే వేశాను, సంచిలో ఉంది. అప్పుడు సుగుణ గారు స్విచ్చి వేశారు. దొడ్డంతా పట్టపగల్లా అయింది. మా డిప్యూటీ డైరెక్టరు గారు పంచె కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఆ వెలుతురులో పరిగెత్తారు. పిల్లలెవరూ నవ్వలేదు. ఆ పరుగు సంగతి వాళ్లకి తెలుసు.

తిరిగొచ్చేసరికి ఆయనకి భాష కూడా తిరిగొచ్చింది. సంతృప్తికరముగా తనిఖీ ముగిసినదని రాయమన్నారు. రాసి, ఆయన సంతకం తీసుకుని, కాగితం సుగుణ గారి ముందు పెట్టాను. ఆవిడ దాన్ని పైనుంచి కిందిదాకా చదివి, కలం నాకు తిరిగిచ్చేశారు.

“ఇంకా తనిఖీ అవలేదు కదండీ,” అన్నారు. “తమరు మరుగుదొడ్డొక్కటే చూశారు.”

వంటపాక చూడండి, హాలు చూడండి, బియ్యం డబ్బాలు చూడండి, పిల్లల పెట్టెలు ఒక్కొక్కటీ విప్పించి చూడండి, అప్పుడు పెడతానన్నారు. పరాంకుశం గారు నావైపు చూశారు. ఇద్దరి సంతకాలూ పడనిదే తనిఖీ కొనసాగుచున్నట్లుగానే భావించవలెనని తమరి నియమావళే చెబుతోందని మనవి చేశాను. ఆ నియమాన్ని మారుస్తామంటే, అది రాసినప్పుడు తప్పు రాశామని ముందు ఆయనే రాయాలి. అలాంటి కాగితం మీద ఆయన చచ్చినా సంతకం పెట్టరు. జీపొచ్చింది. ఆవిడ సంతకం పడని కాగితం సంచిలో పెట్టుకుని ఎక్కాను.

తర్వాత కొద్ది రోజులకే, బాగుచేతల్లో సాధించిన ప్రగతికి గాను ఆయన్ని ప్రమోషన్ మీద రాజధానికి తీసుకెళ్లారు. ‘పాతకు ప్రాణం’ కూడా ఆయన వెనకే పోయింది. కమిషనరు గారు ఇంకో దేశం వెళ్లొచ్చారు, ఇప్పుడు అంతా కొత్తవే కొనమంటున్నారు. మా ఆఫీసులో ఉన్నదాన్ని బాగుచెయ్యడం ఈమధ్య నేరమైంది. హాస్టలు లైటుకి కొత్తది మంజూరవ్వాలంటే పాతది పాడైందని మేము ధ్రువీకరించాలి. కానీ చోక్ పోయిన ఆ లైటు మా నివేదికలో బాగుచేసిన లైటు. షీల్డు కూడా వచ్చింది దానికి.

కాబట్టి ఆ తనిఖీ ఇంకా జరుగుతూనే ఉంది. బల్బు మాడినప్పుడల్లా సుగుణ గారు మరోటి వేస్తారు, ఆర్డరులో ఫలానా బల్బే అని లేదు. మెమో నా బీరువాలో ఉంది. తనిఖీ ముగిస్తే గాని అది బయటికి రాదు. ఆ ఫైలు మీద కూర్చున్నానని ఎవరైనా అంటే కాదనను, హాయిగానే కూర్చున్నాను.

మా ఆఫీసుకి కొత్త డిప్యూటీ డైరెక్టర్లు వస్తూనే ఉంటారు. వచ్చిన ప్రతివారూ పెండింగు ఫైళ్లు చూసి, ఇదేంటండీ, ఒక బల్బు తనిఖీ ఇన్నాళ్లా అని విసుక్కుంటారు. నిన్న వచ్చినాయన కూడా అదే అన్నారు. ఈరోజే తేల్చేస్తానన్నారు. తమరే స్వయంగా వెళ్తే బాగుంటుంది సార్, సాయంత్రం పూటైతే లైటు వెలుగుతూ కనిపిస్తుంది కూడాను అని చెప్పి జీపు తెప్పించాను. జీపు గేటు దాటగానే హాస్టలుకి ఫోన్ చేసి, కొత్తాయన బయల్దేరారని చెప్పాను.

“మనిషి ఎట్టా ఉంటారండీ?” అని అడిగారు సుగుణ గారు.

“భారీ మనిషేనండి. నాలుగు గ్లాసులు పట్టొచ్చు.”

“మజ్జిగ చిలుకుతూనే ఉన్నా, పంపించండి,” అని ఫోన్ పెట్టేశారు.